టీకా ఊరికొచ్చింది, మంద ఊర్లో లేదు

2024 అక్టోబరు చివర్లో ప్రభుత్వం 54 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించిందని మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద పదిమంది దాకా పంట నష్టానికిచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ ఎప్పుడు పడుతుందని అడిగారు. మా అన్న గ్రూపులో ఏమీ అనలేదు, నాకు విడిగా ఫోన్ చేసి ఒకటే అడిగాడు. "జీవాలకు టీకా ఎప్పుడేస్తారో కనుక్కోరా."

అన్నంటే మా పెదనాన్న కొడుకు. కళ్యాణదుర్గం దగ్గర మా ఊర్లోనే ఉంటాడు, నేను అనంతపురంలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాను. మేం కురుబలం, మా తాత నుంచీ ఇంట్లో జీవాలే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, మా వైపు గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలంటాం. అన్నకు ఎకరంన్నర మెట్ట ఉంది గానీ దాన్ని నమ్ముకుని ఎవరూ బతకలేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే జిల్లా మాది, అదీ పడాల్సినప్పుడు పడదు. అందుకే అన్నకు జీవాల మందే బ్యాంకు, ఆ మందే ఎల్ఐసీ. పిల్ల ఫీజు కట్టాలంటే రెండు పొట్టేళ్లు సంతకు పోతాయి.

2023 ఖరీఫ్ ఎలా పోయిందో మా జిల్లా వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. చెనిక్కాయ, అంటే వేరుశెనగ, ఎండిపోయింది. టీవీలో పంట నష్టం ఎకరాల్లో చెప్తారు కదా, ఆ ఎకరాలతో పాటే చెనిక్కట్టె, అంటే కాయ తీశాక మిగిలే ఎండు చెట్టు, కూడా పోతుందని ఎవరూ చెప్పరు. మా వైపు జీవాలకైనా ఎద్దులకైనా ఎండాకాలం మేత అంటే అదే. పంట పోతే రైతుకు ఒక ఏడాది ఆదాయం పోయినట్టు, కట్టె పోతే మందకు ఆరు నెలల తిండి పోయినట్టు. ఆ ఏడాది 103 మండలాలు ప్రకటించారు, 80 తీవ్రం, 23 ఓ మోస్తరు. ఓ మోస్తరు కరువంటే ఏంటో మా అన్నకు అర్థం కాదు, నాకూ అర్థం కాలేదు, తర్వాత చదివితే తెలిసింది, 2016 నాటి కరువు మాన్యువల్ ప్రకారం తీవ్రం అయితేనే రాష్ట్రం కేంద్రం దగ్గర చేయి చాచగలదట. గొర్రెకు మాత్రం రెండూ ఒకటే.

మేత లేకపోతే మంద నడుస్తుంది. ఇది ఇప్పటి సంగతి కాదు, మా తాత కూడా నడిచాడు. రాయదుర్గం దాటి బళ్లారి వైపు, తుంగభద్ర కాలువల కింద సిరుగుప్ప, కంప్లి దాకా. వరి కోసిన మళ్లలో మేపుకుంటూ, రాత్రిళ్లు ఏదో ఒక రైతు పొలంలో మందను నిలపడం. పెంటికలు, ఉచ్చ నేలకు ఎరువు, అందుకని రైతు రోజుకింత అని డబ్బో వడ్లో ఇస్తాడు. మంచి ఏడాదైతే ఇదొక ఆదాయం. అన్న, ఇంకో మామ కలిసి రెండు మందలూ కలుపుకుని 140 జీవాలతో ఆ డిసెంబర్లో బయల్దేరారు.

అక్కడికి పోతే అక్కడా కరువే. కర్ణాటకలో 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలుగా ప్రకటించిన ఏడాది అది. డ్యాములో నీళ్లు లేక రెండో కారు వరికి కాలువ వదల్లేదు. రెండో పంట లేకపోతే మేపుకోవడానికి ఖాళీ మళ్లు ఎక్కువుంటాయి కదా మంచిదే అని నాలాంటి ఆఫీసు బుద్ధి అనుకుంటుంది. కాదు. నీళ్లు లేని మడిలో పది రోజుల్లో దుమ్ము తప్ప ఏమీ మిగలదు, మన వైపు నుంచి పోయిన మందలు, వాళ్ల మందలు అన్నీ ఎక్కడ పచ్చగా ఉంటే అక్కడికే చేరతాయి. ఒకే కుంట దగ్గర ఆరేడు మందలు నీళ్లు తాగేవని అన్న చెప్పాడు. బక్కచిక్కిన జీవాలు, ఎక్కడెక్కడివో, మూతి మూతి ఆనించుకుని.

జనవరి చివర్లో మా ఊరికి టీకా వాళ్లు వచ్చారు. పీపీఆర్ అనే జీవాల అంటురోగానికి టీకా. మా వైపు పారుడు రోగం అంటారు. ఊర్లో ఉన్న జీవాలకు వేసి, ఫోటోలు తీసుకుని వెళ్లారు. ఊర్లో ఉన్నవెన్ని? పాలు తాగే పిల్లలున్నవి, కుంటివి, నడవలేనివి. మిగతావన్నీ సరిహద్దు అవతల ఉన్నాయి. వచ్చినవాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్లకిచ్చిన జాబితాలో ఊరి పేరు ఉంటుంది, మంద పేరు ఉండదు.

ఫిబ్రవరి రెండో వారంలో పొద్దున ఆరింటికి ఫోన్. "నాలుగు మూతి ముడుచుకోని నిలబడినాయిరా, ముక్కు కారతాంది, మేత ముట్టడం లేదు." సాయంత్రానికి పదకొండు. మూడో రోజుకు నోట్లో పుళ్లు, పారుడు, నెమ్ము. చూలు గొర్రెలు ఈసుకపోయినాయి, అంటే కడుపులు పోయాయి. ఆ వారమంతా నేను ఆఫీసులో ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను, అది మోగితే ఒక లెక్క పెరిగినట్టే.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయమని నేనే చెప్పాను. మన దగ్గరా అదే నంబరు, కర్ణాటకలోనూ అదే నంబరు. కన్నడంలో ఎత్తారు, మా అన్నకు కన్నడం బాగానే వచ్చు. మరుసటి రోజు బండి వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఇది వైరస్సు, దీనికి మందు లేదు, పైన వచ్చే నెమ్ముకూ పారుడుకూ ఇస్తానని సూదులు వేసి, జబ్బు పడినవాటిని వేరు చేయమని, కుంట దగ్గరికి తోలొద్దని చెప్పి పోయింది. వేరే రాష్ట్రం మంద అని చూడకుండా వచ్చింది, దండం పెట్టాలి. కానీ కుంట దగ్గరికి తోలకపోతే నీళ్లెక్కడ?

మొత్తం 37 చచ్చిపోయాయి. మిగిలినవాటిలో ఇరవై దాకా అక్కడే వచ్చిన ధరకు అమ్మేశారు, తొమ్మిదివేలు చేసే గొర్రె మూడున్నర వేలకు.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది. ఆ తర్వాత నెల రోజులు నేను కాగితాల వెంట తిరిగాను. చదువుకున్నవాడిని, నెట్ ఉంది, సెలవులున్నాయి, ఏదో ఒకటి సాధించుకొద్దామని నా ధీమా.

మన రాష్ట్రంలో గొర్రె చచ్చిపోతే 6,000 ఇచ్చే పరిహార పథకం 2019లో పెట్టారు, ఒకేసారి కనీసం మూడు పోవాలి. డాక్టరు కళేబరాన్ని చూసి రాయాలి. ఏ డాక్టరు? మన పరిధి డాక్టరు. కళేబరం ఎక్కడుంది? నూరు కిలోమీటర్ల అవతల, గుంత తీసి పూడ్చేశారు. పారుడు రోగంతో పోయినవాటిని అలా పూడ్చమనే చెప్తారు కూడా. కర్ణాటకలో అనుగ్రహ అని వాళ్ల పథకం ఒకటుంది, అప్పట్లో గొర్రెకు 5,000, అది వాళ్ల కాపర్లకు. అన్నీ సరైన నిబంధనలే. విడివిడిగా చూస్తే ఒక్కదాన్నీ తప్పనలేం. అన్నీ కలిపితే మా అన్న ఎక్కడా లేడు.

సరే, కరువు మండలం కదా, కరువు నిధి కింద ఏమైనా వస్తుందా అని చూశాను. అప్పటి రాష్ట్ర విపత్తు నిధి నిబంధనల్లో గొర్రెకు 4,000, ఇంటికి 30 దాకా అని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ అది విపత్తు వల్ల చనిపోతేనే. కేంద్రం జాబితాలో తుపాను, కరువు, భూకంపం, వరద, అగ్నిప్రమాదం, వడగళ్లు, మేఘం బద్దలవడం, చీడల దాడి, చలిగాలి కూడా ఉన్నాయి. పశురోగం లేదు. మిడతలు పంటను తింటే విపత్తు, వైరస్సు మందను తింటే కాదు. ఆ నిధిలో 10 శాతం దాకా రాష్ట్రం తనకు తానుగా ప్రకటించుకున్న స్థానిక విపత్తులకు వాడుకోవచ్చట, కాబట్టి దారి లేక కాదు. "రోగంతో పోయినాయి కదా సార్, కరువుతో కాదు కదా" అని ఒక ఆఫీసులో మర్యాదగానే చెప్పారు. ఇంకో ఆఫీసులో, అది రోగాల వైపు చూసేది, "వలస పోయినందుకు వచ్చింది సార్, కరువు వల్ల, మేమేం చేస్తాం" అన్నారు. ఈ రెండు ఆఫీసుల మధ్య దూరం రోడ్డుకు అటూ ఇటూ. మధ్యలో టీ కొట్టు ఉంది, అక్కడ కూర్చుని నేను నవ్వుకున్నాను, ఏం చేయాలి మరి.

పశువుల అంటురోగాల మీద కేంద్రం నిబంధనలు కూడా తిరగేశాను. వాటిలో పరిహారం మాట ఉంది. రోగం ఆపడానికి అధికారి చంపించిన జీవానికి. రోగమే చంపిన దానికి కాదు.

కరువు ఒక ఫైలు, రోగం ఇంకో ఫైలు. మంద దగ్గర అవి రెండు కావు. మేత లేక బక్కబడింది, బక్కబడి నడిచింది, నడిచి గుంపులో చేరింది, గుంపులో అంటుకుంది. ఇందులో కరువు ఎక్కడ ఆగింది, రోగం ఎక్కడ మొదలైంది? మాకు తెలిసిన ప్రతి రోగమూ ఇలాగే మేతకో నీళ్లకో ముడిపడి ఉంటుంది. వానలేక గిడసబారిన జొన్న తింటే నాము కొట్టి నిమిషాల్లో పడిపోతాయి, అది విషం, దాని పేరు రోగం కూడా కాదు, కరువు ఏడాదిలోనే ఎక్కువ. ఇంకా విచిత్రం, వాన పడితే ఇంకో చావు. 2024 జూన్‌లో వానలు పడ్డాయి, నెలల తరబడి ఎండుపుల్లలు తిన్న జీవాలు లేత గడ్డి మీద పడ్డాయి, చిటుక రోగం. సాయంత్రం బాగుంటుంది, పొద్దున రొప్పంలో కాళ్లు చాపి ఉంటుంది. దానికి టీకా వానలకు ముందే పడాలని పశువుల డాక్టర్లందరికీ తెలుసు, పోస్టర్ల మీద కూడా ఉంటుంది. మా ఊరికి వానల తర్వాత వచ్చింది. మార్చి నుంచి ఎన్నికల కోడ్, మే 13న పోలింగ్, జూన్‌లో ప్రభుత్వం మారింది, సిబ్బంది అంతా ఆ డ్యూటీల్లో ఉన్నారని తర్వాత విన్నాను. కావచ్చు. గడ్డికి కోడ్ వర్తించదు కదా.

మేత సాయం సంగతి కూడా చెప్పాలి. కరువొస్తే పశుగ్రాస శిబిరాలు పెట్టొచ్చు, అప్పటి నిబంధనల్లో పెద్ద పశువుకు రోజుకు 80, చిన్నదానికి 45 రూపాయలని రేటు కూడా ఉంది. ఆవుకు, బర్రెకు శిబిరం పనికొస్తుంది. కట్టేస్తే ఉంటుంది. గొర్రె కట్టేస్తే ఉండేది కాదు, నడిచి తినేది. సబ్సిడీ మీద పాతర గడ్డి (సైలేజ్) ఇచ్చినప్పుడు కూడా మా ఊర్లో బర్రెలున్న ఇళ్లే తెచ్చుకున్నాయి. 140 జీవాలకు గడ్డి మోసుకొచ్చి పెట్టడం ఎవరివల్లా కాదు, కాబట్టి వలస ఆపడం ప్రభుత్వం వల్ల కాదు, ఆపాలని అనుకోకూడదు కూడా. వలస ఉంటుంది అనుకుని పని చేయాలి. ఇన్‌పుట్ సబ్సిడీ హెక్టార్ల లెక్కన వస్తుంది, హెక్టారు లేని కాపరికి సున్నా, అది వేరే కథ.

పక్క రాష్ట్రం సంగతి ఒకటి గుర్తొస్తుంది. తెలంగాణలో 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చారు. ఆంధ్ర, కర్ణాటకల నుంచి లారీలకు లారీలు కొన్నారు, అప్పుడు మా సంతలో ధరలు చూసి అన్న ఎంత సంబరపడ్డాడో. 2019 లెక్కల్లో తెలంగాణ కోటీ 90 లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం, మనం కోటీ 76 లక్షలతో రెండో స్థానం. జీవాన్ని ఇవ్వడం ఫోటోకు బాగుంటుంది. ఇచ్చినదాన్ని బతికించడానికి టీకాల ఐసు డబ్బా పట్టుకుని బీడులో నడవాలి, అక్కడ కెమెరా ఉండదు.

మనకు చేతకాదని కాదు. ముసర వ్యాధి గుర్తుందా? మా నాన్న వయసు వాళ్లకు గుర్తుంటుంది, ఎద్దులు, బర్రెలు ఊరికి ఊరే ఊడ్చుకుపోయేవి. మన దేశంలో 1995 తర్వాత రాలేదు, 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం అది. ఆఫ్రికాలో ఎడారి దారుల్లో తిరిగే మందలకు దాన్ని ఎలా ఆపారో చదివితే నాకు ఒళ్లు పులకరించింది. వేడికి తట్టుకునే టీకా తయారుచేసి, కాపర్లకే సూది వేయడం నేర్పించి, మంద ఎటు పోతే అటు పంపారు. మందను ఊరికి రమ్మనలేదు.

పారుడు రోగాన్నీ 2030కల్లా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు, మన దేశమూ అందులో ఉంది. టీకా మన దేశంలోనే తయారవుతుంది, ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి, ఐసులో ఉంచాలి, అంతే ఇబ్బంది. మందలు ఏ దారిన పోతాయో రహస్యం కాదు, మా ఊర్లో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఏ కాలువ గట్టు దగ్గర ఏ నెలలో ఎన్ని మందలు ఆగుతాయో ఒక్క వారం తిరిగితే తెలుస్తుంది. కరువు మండలం అని జీవో ఇచ్చిన రోజే, మందలు కదలకముందే టీకా వేయాలని ఆ జీవోలోనే ఒక లైను ఉంటే చాలు కదా. అప్పుడు రెండు ఫైళ్లూ ఒక లైనులోనైనా కలుస్తాయి.

ఇదంతా ఒక అర్జీగా రాసి పెట్టాను, ఆగస్టులో. పదిహేను రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కారమో అందులో లేదు.

బీమా ఎందుకు చేయించలేదని చాలామంది అడిగారు. మా జీవాలు చచ్చిపోతున్న అదే ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పశువుల బీమాలో రైతు కట్టాల్సిన వాటాను 15 శాతానికి తగ్గించింది, మంచి నిర్ణయమే. కానీ బీమాకు చెవి ట్యాగు ఉండాలి, 12 అంకెలది. ట్యాగు లేకపోతే ఆ గొర్రె ప్రభుత్వ లెక్కలో పుట్టనట్టే. తుమ్మకంపల్లో తిరిగే గొర్రె చెవికి ట్యాగు ఎన్ని రోజులు ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు, చెవి చీల్చుకుని కంపకు వేలాడుతూ ఉంటుంది. అయినా సరే ఈసారి అన్నిటికీ వేయిద్దాం, బీమా కడదాం, డబ్బు నేనిస్తానని అన్నకు చెప్పాను.

ఈసారి మందలో 92 ఉన్నాయి, కొన్ని అప్పు చేసి కొన్నవి. అక్టోబరు చివరికే బీడులో ఏమీ మిగల్లేదు. మిగతా కాపర్లు దీపావళి ముందే బయల్దేరారు. మా అన్న కదల్లేదు. టీకా పడేదాకా పోను అన్నాడు. నేను రోజూ ఒకరికి ఫోన్ చేసి అడగడం, వాళ్లు రేపు అనడం, ఆ మాట నేను అన్నకు చెప్పడం. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ వదిన చింతచెట్ల కొమ్మలు కొట్టించి, పక్క ఊర్లో చెనిక్కట్టె కొని మేపింది, ట్రాక్టరు కట్టెకు ఎంతయిందో అన్న నాకు చెప్పలేదు, వదిన చెప్పింది.

మొన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. ఈసారి పొద్దున కాదు.

"ఏసినార్రా. అన్నిటికీ. పొద్దున్నే బయల్దేరతాండాం."

"ట్యాగులు?"

"ట్యాగులు అయిపోయినాయంట. వచ్చే నెల తెస్తాం, మందను ఊర్లోనే ఉంచు అన్యారు."